మూడు నెలలు నిండిన నాలుగో రోజు: ఇంగ్లండ్‌లోని తెలుగు జీపీలకు ఒక బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లో జనరల్ ప్రాక్టీసులు నడుపుతున్న తెలుగు డాక్టర్లకు, ఆ ప్రాక్టీసుల భాగస్వాములకు, మేనేజర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను మిడ్‌లాండ్స్‌లో ఒక మందుల షాపు కౌంటర్ వెనక పదకొండేళ్ళుగా నిలబడుతున్న ఫార్మసిస్టును. మీరు రాసే మందులు నా చేతుల మీదుగానే జనానికి చేరతాయి. పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో మీరు ఎంత పని చేస్తారో నాకు తెలుసు, అందుకు గౌరవం ఉంది. ఇక విషయానికి వస్తాను.

పోయిన ఏడాది మేము తొమ్మిది మందిమి కలిసి మా ప్రాంతంలోని ప్రాక్టీసులకూ, వాటిపై అజమాయిషీ ఉన్న ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకూ ఇంగ్లిషులో ఒక లేఖ రాశాం. పేషెంట్లను నమోదు చేసుకునేటప్పుడు ఏ వర్గంలో (శాశ్వతమా, తాత్కాలికమా) వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు అన్నదే అందులోని ప్రశ్న. ‘మీ లేఖ అందింది’ అని జవాబు వచ్చింది. రెండుసార్లు గుర్తు చేశాం. రెండుసార్లూ అదే వాక్యం, కింద సంతకం మాత్రం మారింది. అందుకే ఇప్పుడు తెలుగులో, అందరికీ కనబడేలా, ముఖ్యంగా మిమ్మల్ని ఉద్దేశించి రాస్తున్నాను. మీరు గుంటూరులోనో కర్నూలులోనో ఉస్మానియాలోనో చదివి వచ్చినవారు. హౌస్ సర్జన్లుగా ఉన్న రోజుల్లో మీ ముందుకు వచ్చిన ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు తప్ప ఏముండేది? ఆ చీటీ పట్టుకుని వచ్చిన మనిషిని మీరు ‘ఏ వర్గం’ అని అడగలేదు. ఇక్కడ మీ పేరు బోర్డు మీద ఉన్న ప్రాక్టీసులో, మీకు తెలియకుండానే, ఆ ప్రశ్న రోజూ అడుగుతున్నారు. జవాబు కూడా వాళ్ళే రాసుకుంటున్నారు.

ఈ దేశపు పద్ధతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇక్కడ జీపీ అంటే వీధి డాక్టరు అనుకోవచ్చు, కానీ మన ఊళ్ళోలా నేరుగా వెళ్ళి కూర్చుంటే చూడరు. ముందు ఆ ప్రాక్టీసు జాబితాలో పేరు ఎక్కాలి. పెద్ద ఆసుపత్రిలో స్పెషలిస్టును చూడాలన్నా, చాలా మందులు దొరకాలన్నా ఆ పేరే ఆధారం. (జీపీ క్లినిక్కును ఇక్కడ సర్జరీ అంటారు. ‘రేపు నిన్ను సర్జరీకి తీసుకెళ్తాను’ అని నేను చెప్పినప్పుడు మా అత్తయ్య ఆ రాత్రి అన్నం తినలేదు.)

నమోదులో వర్గాలు ఉన్నాయి. మూడు నెలలకు మించి ఆ ప్రాంతంలో ఉండబోయేవారికి శాశ్వత నమోదు. 24 గంటలు దాటి, మూడు నెలల లోపే ఉండబోయేవారికి తాత్కాలిక నమోదు. నమోదుకు ఒప్పుకోకపోయినా, వెంటనే చికిత్స అవసరమైన మనిషి ఆ ప్రాంతంలో ఉంటే 14 రోజుల వరకు ఉచితంగా చూడవలసిన బాధ్యత మరొకటి. 2015 జనవరి నుంచి, ఇంటికి వచ్చి చూసే పూచీ లేకుండా, ప్రాంతం బయటివారిని కూడా చేర్చుకునే వీలు వచ్చింది. స్థూలంగా ఇంతే. వీటిలో దేన్ని చూసినా అడిగేవి రెండే: ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్ళు ఉంటారు. వీసా అన్న మాట ఈ వర్గాల్లో ఎక్కడా లేదు. ఇంగ్లండ్‌లో ఎవరైనా జీపీ దగ్గర నమోదు కావచ్చునని, ఆ ప్రాక్టీసులో జరిగే వైద్యం ఉచితమని మీ కౌంటర్ మీద ఉండే జీఎంఎస్ 1 నమోదు ఫారంలోనే అచ్చయి ఉంది. డబ్బు ఎవరు కట్టాలి, ఎవరు అక్కర్లేదు అన్న లెక్క, ‘సాధారణ నివాసి’ (ఇక్కడ చట్టబద్ధంగా స్థిరపడి ఉంటున్న మనిషి) అవునా కాదా అన్న విచారణ, ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతాయి. మీ గుమ్మం దగ్గర కాదు. ఈ రెండు గుమ్మాలనూ ఒకటిగా కలిపేయడంలోనే చిక్కంతా ఉంది.

ఒక సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా చిన్న వివరాలు మార్చాను.

పల్నాడు నుంచి ఒక పెద్దావిడ కూతురి పురిటికి వచ్చింది. విజిటర్ వీసా, ఆరు నెలలది. తిరుగు టికెట్టు అయిదున్నర నెలలకు. రెండో నెల చివర్లో ఒక శనివారం మా షాపుకు వచ్చి, చీర చెంగున కట్టుకున్న చిన్న ప్లాస్టిక్ కవరు విప్పి నా ముందు పెట్టింది. అందులో నరసరావుపేట మెడికల్ షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్కలు. మందు పేరులో సగం ఆ షాపులోనే ఉండిపోయింది, మిగిలిన ముక్క మీద ‘సార్టాన్ 40’ అని మాత్రమే ఉంది. టెల్మిసార్టానా, ఓల్మెసార్టానా? రెండూ రక్తపోటు మందులే, రెండింటికీ 40 ఉంది. ఇండియా డాక్టరు చీటీ మీద నేను ఇక్కడ ఆ మందు ఇవ్వకూడదు. యూకే, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా, స్విట్జర్లాండ్ డాక్టర్లు రాసినవే చెల్లుతాయి. అత్యవసరంగా కొన్ని రోజులకు సరిపడా ఇవ్వాలన్నా, ఆ మందు ఇదివరకు వాళ్ళలో ఎవరో ఒకరు రాసి ఉండాలి. ‘బాబూ, డబ్బులు ఇస్తానంటున్నాను కదా, ఒక్క బీపీ బిళ్ళకు ఇంత రాద్ధాంతమా?’ అని ఆవిడ అడిగింది. జీపీ దగ్గర నమోదు చేయించమని కూతురికి చెప్పాను.

కూతురు పసిబిడ్డను ఎత్తుకుని వెళ్ళింది. మొదటిసారి ‘విజిటర్లను చేర్చుకోం’ అన్నారు. రెండోసారి గట్టిగా అడిగితే తాత్కాలిక ఫారం ఇచ్చారు. మూడు నెలల లెక్కను ఆవిడ విమానం దిగిన రోజు నుంచి వేశారు. అపాయింట్‌మెంట్ దొరికిన తేదీకి మూడు నెలలు నిండి నాలుగు రోజులయింది. దాన్ని రద్దు చేసి, ప్రైవేటుగా చూపించుకోమని ఫోనులో చెప్పారు. కాగితం మీద ఒక్క ముక్క ఇవ్వలేదు.

తిరుగు టికెట్టు చూస్తే తెలిసేది, ఆవిడ మొదటి రోజు నుంచే తాత్కాలిక వర్గంలోకి రాదని. అయిదున్నర నెలలు ఉండడానికి వచ్చిన మనిషి. శాశ్వత నమోదు చేయడానికి అడ్డేమీ లేదు.

ప్రైవేటుకు పోయి కూతురికి ఖర్చు పెట్టించడం ఇష్టం లేక ఆవిడ ఉన్న బిళ్ళల్ని రోజు విడిచి రోజు వేసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మన అమ్మలు చెప్పరు. ఒక ఆదివారం ముక్కులోంచి రక్తం కారి, కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎమర్జెన్సీలో చూసినందుకు డబ్బు లేదు. వార్డులో చేర్చాక లెక్క మొదలయింది. విజిటర్లకు ఆసుపత్రి ఖర్చు మామూలు రేటుకు 150 శాతం. రెండు రాత్రులకు వచ్చిన బిల్లును కూతురు వాయిదాల మీద కడుతోంది. 500 పౌండ్లు లేదా అంతకు మించిన ఆసుపత్రి బాకీ రెండు నెలలు కట్టకుండా ఉంటే, ఆ మనిషి తర్వాతి వీసా దరఖాస్తును తిరస్కరించడానికి అదే కారణం కావచ్చు. అంటే మనవడి మొదటి పుట్టినరోజుకు అమ్మమ్మ వస్తుందా రాదా అన్నది మీ రిసెప్షన్‌లో ఒక గడి ఎలా నింపారన్న దాని మీదికి వచ్చింది.

ఇది ఒక్కరి గోడు కాదు గనుక, కౌంటర్ దగ్గర నేను చూస్తున్నవి వరుసగా పెడుతున్నాను.

1. విద్యార్థులు. ఏడాది మాస్టర్స్‌కు వచ్చే పిల్లలు వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జీ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) ముందుగా కట్టి వస్తారు. ఏడాదికి 776 పౌండ్ల చొప్పున, కోర్సు తర్వాత వీసాలో ఇచ్చే నెలలతో కలిపి 1,164 పౌండ్లు. మన లెక్కలో లక్ష రూపాయలు దాటుతుంది. ఆ డబ్బులో కొంత తాకట్టు పెట్టిన బంగారం నుంచి వచ్చిందే. ఇక్కడికి వచ్చాక ఆరుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు, కరెంటు బిల్లు ఒక్కరి పేరు మీదే వస్తుంది. మిగిలిన అయిదుగురినీ ‘అడ్రసు రుజువు తెండి’ అని వెనక్కి పంపుతున్నారు. రుజువు లేదన్న కారణంతో నమోదు నిరాకరించరాదని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇల్లే లేని మనిషిని ప్రాక్టీసు అడ్రసు మీదే నమోదు చేసుకోవచ్చు. అలాంటిది, ఇల్లుండి బిల్లు లేని పిల్లవాడికి ఎందుకు కుదరదు? ఉబ్బసం ఉన్న ఒక అబ్బాయి రెండు నెలలు ఇండియా నుంచి వచ్చే స్నేహితుల చేత ఇన్‌హేలర్లు తెప్పించుకున్నాడు.

2. కేర్ వర్కర్లు, నర్సులు. హెల్త్ అండ్ కేర్ వీసా మీద ఉన్నవారికి సర్‌చార్జీ మినహాయింపు ఉంది. ‘సర్‌చార్జీ కట్టిన రసీదు చూపించండి’ అని అడిగితే వాళ్ళ దగ్గర ఏముంటుంది? రసీదు లేదు కనుక తాత్కాలికం. ముసలివాళ్ళ ఇళ్ళలోనే ఉండి సేవ చేసేవాళ్ళు ఊరు మారినప్పుడల్లా మళ్ళీ తాత్కాలికం. ఇలా ఏడాదిన్నర గడిచిన ఒకామె నాకు తెలుసు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు 25 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకు ఉత్తరాలు వెళ్తాయి. ఆ ఉత్తరాలు వెళ్ళేది శాశ్వత జాబితాలో పేరున్నవారికి. ఆమెకు ఒక్కటీ రాలేదు. అలాంటి పరీక్ష ఉందన్న సంగతి నేను చెప్తే తెలిసింది.

3. షుగరు. మనవాళ్ళలో ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కంటి వెనక పొర దెబ్బతిన్నదేమో చూసే పరీక్షకు పిలుపు మీ జాబితా నుంచే వెళ్తుంది. తాత్కాలికుడికి షుగరు ఉందని ఆ జాబితాకు తెలియదు.

4. పసిపిల్లలు. ఇండియాలో 6, 10, 14 వారాలకు టీకాలు. ఇక్కడ 8, 12, 16 వారాలకు. పది వారాల బిడ్డతో వచ్చిన తల్లి దగ్గర మన ఊరి టీకా కార్డు ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు తీరిగ్గా చూసి రికార్డులోకి ఎక్కించాలి. తాత్కాలిక ఫారం మీద ఆ పని ఎవరూ పెట్టుకోవడం లేదు.

5. రికార్డు. ఈ దేశంలో ఒక ఊరివాడు ఇంకో ఊరికి వెళ్ళి తాత్కాలికంగా చూపించుకుంటే, ఆ వివరం అతని సొంత జీపీకి చేరుతుంది. సొంత జీపీయే లేని మనిషి వివరం ఎవరికి చేరాలి? రక్తపరీక్ష చేయిస్తారు. ఫలితం వచ్చేసరికి గడువు అయిపోతుంది. ఆ కాగితం ఎవరిదీ కాకుండా పోతుంది.

6. పేర్లు. ఇది మీకే బాగా అర్థమవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, విశ్వవిద్యాలయం పత్రంలో వెనక, బ్యాంకులో పొడి అక్షరం. పెద్దవాళ్ళలో చాలామందికి బడిలో వేసిన జూలై 1 పుట్టినరోజు ఒకటి, అమ్మ చెప్పిన తిథి ఒకటి. ప్రతిసారీ కొత్త ఫారం నింపిస్తే, పేరు అటూ ఇటూ అయి ఒకే మనిషికి రెండు పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబర్లు పడుతున్నాయి. ఒక నంబరు కింద పెన్సిలిన్ పడదని ఉంటుంది. రెండో నంబరు కింద ఉండదు. ఫార్మసిస్టుగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది ఒక్కటే.

మీ వైపు వాదన నాకు తెలియనిది కాదు. తాత్కాలిక పేషెంట్లకు మనిషికి ఇంత అని మీకు విడిగా రాదు, పాత లెక్కల ఆధారంగా ఒక స్థిర మొత్తం మాత్రమే కలుపుతారు. చూసినా అంతే, చూడకపోయినా అంతే. కానీ అదే మనిషిని శాశ్వత జాబితాలో చేర్చుకుంటే, ప్రాక్టీసులకు ఇచ్చే డబ్బును లెక్కకట్టడానికి 2004 నుంచి నడుస్తున్న కార్-హిల్ సూత్రం కొత్తగా చేరినవారి తొలి ఏడాదిని 1.46 రెట్లుగా లెక్క కడుతుంది. కొత్తవారికి పని ఎక్కువ ఉంటుందని ఒప్పుకునే ఆ సూత్రం పెట్టారు. అంటే సరైన గడిలో వేయడం మీ ప్రాక్టీసుకూ నష్టం కాదు. నష్టమైనా అడిగేవాణ్ణే, అది వేరే సంగతి.

‘జాబితా నిండిపోయింది’ అన్నది ఇంకో మాట. బోర్డు అనుమతితో అధికారికంగా మూసిన జాబితాకే ఆ మాట వర్తిస్తుంది. రిసెప్షన్‌లో రద్దీగా ఉన్న సోమవారం పొద్దున మూసుకుని, బుధవారం తెరుచుకునే జాబితా నిబంధనల్లో లేదు. పక్కనే నిలబడిన ఇంగ్లిషు దొరసానికి అదే రోజు ఫారం ఇవ్వడం నేను కళ్ళారా చూశాను. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిలను నేను తప్పు పట్టడం లేదు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవారు, ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం మీద సంతకం చేసినవారు మీరు.

అందుచేత మిమ్మల్ని కోరుతున్నవి:

1. నమోదు వర్గాన్ని రెండే ప్రశ్నలతో నిర్ణయించండి: ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్ళు ఉండాలనుకుంటున్నారు. మూడు నెలలు దాటి ఉండేవారిని, విజిటర్ వీసా అయినా సరే, శాశ్వతంగా చేర్చుకోండి.

2. వీసా పేజీ, సర్‌చార్జీ రసీదు అడగడం ఆపండి. రికార్డులు సరిపోల్చడానికి గుర్తింపు పత్రం అడగదలిస్తే అందరినీ ఒకేలా అడగండి. మనిషి రంగు, యాస చూసి కాదు. పత్రం లేకపోతే అదే కారణంగా తిప్పి పంపకండి.

3. కాదన్నప్పుడు కాగితం ఇవ్వండి. నిరాకరించిన 14 రోజుల్లోగా కారణం రాతపూర్వకంగా చెప్పాలని నిబంధనే ఉంది. దీన్ని ఒక్కదాన్ని పాటించినా, పైన చెప్పినవాటిలో సగం జరగవు. ఎందుకంటే ఆ కారణాలు కాగితం మీద రాయదగ్గవి కావు.

4. నిరాకరించిన మనిషికి తక్షణ చికిత్స అవసరమా అని రిసెప్షన్‌లో తేల్చవద్దు. మీరో, మీ నర్సో చూసి చెప్పండి. అలాంటి మనిషిని 14 రోజుల వరకు ఉచితంగా చూడవలసిన బాధ్యత ఉందని మీ సిబ్బందికి తెలియజేయండి.

5. ఈపాటికే మీ జాబితాలో తాత్కాలికులుగా ఉన్నవారిని ఒకసారి వెతకండి. ఒకే పేరు రెండుసార్లు, మూడుసార్లు కనబడితే ఫోను చేయండి. కంప్యూటర్‌లో ఒక పూట పని.

6. 2024 అక్టోబరు చివరికల్లా ఆన్‌లైన్ నమోదు సదుపాయం ప్రతి ప్రాక్టీసూ ఇవ్వాలని ఒప్పందంలో వచ్చింది. అది మీ దగ్గర ఉందని గోడ మీద ఒక కాగితం అంటించండి. తెలుగులో కూడా అంటించగలిగినవారు మీరే కదా.

బోర్డు వారిని కోరేది ఒక్కటే. 2023 జూలై నుంచి ప్రాక్టీసుల మీద ఫిర్యాదులు మీ దగ్గరకే వస్తున్నాయి. మీ పరిధిలో ఎంతమందిని నిరాకరించారో, ఏ కారణం రాశారో ప్రాక్టీసుల దగ్గర రికార్డు ఉండాలి. దాన్ని తెప్పించి చూడండి. రికార్డు లేదని చెప్పే ప్రాక్టీసే మీరు ముందు వెళ్ళవలసిన ప్రాక్టీసు.

ఇక ఈ లేఖ చదువుతున్న మనవాళ్ళకు. అమ్మానాన్నలు వచ్చేటప్పుడు మందులు స్ట్రిప్పులు కత్తిరించకుండా తెమ్మనండి, పైన కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు కనబడాలి. డాక్టరు చీటీ తెమ్మనండి, దానితో నేను మందు ఇవ్వలేకపోయినా జీపీకి అది కావాలి. ప్రయాణ బీమా తీసుకోండి, ఎందుకంటే ఆసుపత్రి ఖర్చు విజిటర్లకు ఉంటుంది, అది ఈ లేఖ మార్చగలిగేది కాదు. వచ్చిన మొదటి వారంలోనే నమోదుకు వెళ్ళండి, బిళ్ళలు అయిపోయే దాకా ఆగకండి. ఫారం చివర డబ్బు కట్టవలసినవారా కాదా అని అడిగే భాగం చూసి బెదిరిపోకండి. అది నింపడం తప్పనిసరి కాదు, ‘నా సంగతి నాకు తెలియదు’ అన్న గడి కూడా అందులోనే ఉంది. కాదంటే, ‘దయచేసి రాసి ఇవ్వండి’ అని అడగండి. గొంతు పెంచవద్దు, అక్కడి నుంచి కదలవద్దు.

ఈ లేఖ ఇంగ్లిషు ప్రతిని మా ప్రాంతంలోని ప్రాక్టీసులన్నిటికీ, బోర్డుకూ ఈరోజే పోస్టు చేశాను. ఆరు వారాలు చూస్తాం. ‘అందింది’ అన్న వాక్యం మళ్ళీ వస్తే, మా తొమ్మిది మంది దగ్గర ఉన్న వివరాలన్నీ కలిపి ప్రభుత్వ వైద్య సేవల మీద ఫిర్యాదులు విచారించే పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ అంబుడ్స్‌మన్‌కు పంపుతాం. ఆ పెద్దావిడ కూతురు తన కాగితాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. రద్దయిన అపాయింట్‌మెంట్ తేదీ ఉన్న మెసేజీ ఇప్పటికీ ఆమె ఫోనులో ఉంది.

ఇట్లు,
మీ ప్రిస్క్రిప్షన్లు అందుకునే ఒక ఫార్మసిస్టు,
మిడ్‌లాండ్స్, ఇంగ్లండ్